నిమ్మజాతి పండ్ల ఎగుమతిలో మొదటి దేశం ఏది? నాలుగు పట్టికలు, నాలుగు పేర్లు

వాణిజ్య విద్యార్థిని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను వ్యవసాయ వాణిజ్యంలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రధాన ఉత్పత్తి దేశాల నిమ్మజాతి పండ్ల ఎగుమతులను పోలుస్తూ ఒక ప్రాజెక్టు నివేదిక రాయవలసి ఉంది. బత్తాయి, నారింజ, కమలా, నిమ్మ, గ్రేప్‌ఫ్రూట్ అన్నింటినీ కలిపి నిమ్మజాతి అంటున్నాను. రెండు రోజుల్లో తేలిపోయే పని అనుకుని మొదలుపెట్టాను కానీ, మూడు వారాలు గడిచినా మొదటి పేజీలోని పట్టిక దగ్గరే ఆగిపోయాను.

నా చిక్కు ఏమిటంటే, ఉత్పత్తి పట్టికలో చైనా అందరికంటే ఎంతో ముందుంది, ఎగుమతి పట్టికకు వచ్చేసరికి ఎక్కడో కింద కనిపిస్తుంది. ఒక పట్టికలో ఎగుమతిదారుల్లో స్పెయిన్ మొదటిది. అదే సంవత్సరానికి సంబంధించిన మరో పట్టికలో నారింజ ఎగుమతిలో ఈజిప్టు మొదటిది, స్పెయిన్ పేరే లేదు. ఎక్కడ చదివినా నారింజ వ్యాపారానికి బ్రెజిల్ రారాజు అని ఉంటుంది గానీ తాజా పండ్ల ఎగుమతిలో ఆ దేశం వాటా చెప్పుకోదగినంత లేదు. వీటన్నింటికీ మించి, ఒక్క నారింజ తోట కూడా లేని నెదర్లాండ్స్ మొదటి పది ఎగుమతి దేశాల్లో ఉంది. ఇది అచ్చుతప్పేమో అనుకుని రెండు చోట్ల సరిచూశాను, రెండు చోట్లా ఉంది.

మా మార్గదర్శి "ఏదో ఒక పట్టికను తీసుకుని రాసెయ్యమ్మా" అన్నారు. అలా రాయడానికి మనసు ఒప్పడం లేదు. ఈ తేడాలకు కారణం ఏమిటి, న్యాయంగా పోల్చాలంటే దేన్ని దేనితో పోల్చాలి? ఉత్పత్తిలో మూడో స్థానంలో ఉందని చెప్పుకునే మన దేశం ఎగుమతి పట్టికలో కనిపించకపోవడానికి కారణం ఏమిటో కూడా తెలిసినవారు వివరించగలరు.

రేవు పత్రాలు

అమ్మా, మీ పట్టికలు నాలుగూ నిజమే చెబుతున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతోంది, అంతే. నేను ఆరేళ్లుగా దక్షిణాఫ్రికా రేవు నగరం డర్బన్‌లో ఓడ సరుకుల పత్రాలు చూసే పనిలో ఉన్నాను కనుక నాకు తెలిసినంతలో చెబుతాను.

మొదట స్పెయిన్ మాయమైన సంగతి. స్పెయిన్‌లో ఏడాదికి సుమారు 60 లక్షల టన్నుల నిమ్మజాతి పండ్లు పండుతాయి, వాటిలో సగానికి పైగా దేశం దాటుతాయి. అయితే దాటి వెళ్లేది ఎక్కడికి? జర్మనీకి, ఫ్రాన్సుకు, పోలండుకు. స్పెయిన్‌లోని వాలెన్సియా తోటల్లో కోసిన క్లెమెంటైన్లు, అంటే చిన్న కమలాలు, లారీ ఎక్కి రెండు మూడు రోజుల్లో జర్మనీ దుకాణంలో ఉంటాయి. స్పెయిన్ లెక్కలో ఇది ఎగుమతి. అమెరికా వ్యవసాయ శాఖ వేసే పట్టికలు ఐరోపా సమాఖ్య మొత్తాన్ని ఒకే దేశంగా తీసుకుంటాయి కనుక ఆ లెక్కలో ఇది విజయవాడ సరుకు హైదరాబాదు చేరడం లాంటిదే, ఎగుమతి కానే కాదు. అలా తీసుకుంటే ఐరోపా పంపే దానికంటే తెప్పించుకునేదే ఎక్కువ. స్పెయిన్ పక్కకు తప్పుకోగానే నారింజలో ఈజిప్టు, మొత్తం నిమ్మజాతిలో దక్షిణాఫ్రికా పైకి వస్తాయి. కాబట్టి ప్రతి పట్టిక కిందా ఐరోపాను ఒకటిగా లెక్కించారా, విడివిడిగా లెక్కించారా అన్న వాక్యం మీ నివేదికలో తప్పక ఉండాలి.

నెదర్లాండ్స్ అచ్చుతప్పు కాదు. రోటర్‌డామ్ రేవులో దిగిన దక్షిణాఫ్రికా, ఈజిప్టు, మొరాకో పండ్లు అక్కడి శీతల గిడ్డంగుల్లో మళ్లీ గ్రేడింగై, పెట్టెలు మారి, ఐరోపా లోపలి దేశాలకు వెళతాయి. అది పునరెగుమతి. డర్బన్ నుంచి వెళ్లిన ఒకే పెట్టెను దక్షిణాఫ్రికా ఎగుమతిలో ఒకసారి, నెదర్లాండ్స్ ఎగుమతిలో ఒకసారి లెక్కించిన పట్టికలు నేను చాలా చూశాను. ఉత్పత్తి దేశాలను పోల్చే నివేదికలో నెదర్లాండ్స్‌ను నిస్సంకోచంగా తీసివేయవచ్చు.

ఇక నాకు బాగా తెలిసిన దక్షిణాఫ్రికా గురించి కాస్త విడమరచి చెబుతాను. ఇక్కడ అందరూ 15 కిలోల కార్టన్ల లెక్కలో మాట్లాడుకుంటారు. 2023లో ఎగుమతి దాదాపు 16.5 కోట్ల కార్టన్లు, అంటే సుమారు 25 లక్షల టన్నులు. 2025లో అది 20 కోట్ల కార్టన్లు దాటింది. సొంత జనం తినేది కొంతే కనుక ఇక్కడి తోటలు మొదటి నుంచీ పరదేశపు అంగడి కోసమే నాటినవి. పైగా కాలం కలిసివస్తుంది. స్పెయిన్ తోటలు నవంబరు నుంచి మే వరకు కాస్తే, లింపోపో, తూర్పు కేప్, పశ్చిమ కేప్ తోటలు మే నుంచి అక్టోబరు వరకు కాస్తాయి. ఐరోపాలో స్పెయిన్ పండు అయిపోయేవేళకు ఈ పండు దిగుతుంది. ఇద్దరికీ తగువు వచ్చేది ఆ రెండు కాలాల అంచుల దగ్గరే, అయినా ఆ తగువు చిన్నదేమీ కాదు.

2022 జూన్‌లో ఐరోపా సమాఖ్య ఫాల్స్ కాడ్లింగ్ మాత్ అనే పురుగు పేరు చెప్పి కొత్త శీతల నిబంధనలు తెచ్చి జూలై నుంచే అమలు చేసింది. అప్పటికే సముద్రం మీద ఉన్న కంటైనర్ల కాగితాలు పాత నిబంధనల ప్రకారం ఉండడంతో అవి ఐరోపా రేవుల్లో నిలిచిపోయాయి. దక్షిణాఫ్రికా ఆ జూలైలోనే ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. నల్లమచ్చ తెగులు నిబంధనల మీద 2024లో మరో ఫిర్యాదు చేసింది. ఈ నిబంధనల వెనుక స్పెయిన్ రైతు సంఘాల ఒత్తిడి ఉందని ఇక్కడివారంటే, పురుగు తమ తోటల్లోకి వస్తే దిక్కెవరని వారంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని నా అభిప్రాయం.

శీతల చికిత్స, అంటే పండులోని పురుగు చావడానికి దాన్ని చలిలో ఉంచడం, ఎలా జరుగుతుందో ఒకసారి చూస్తే ఎగుమతి అనే మాటకు అర్థం తెలుస్తుంది. కంటైనర్ తలుపు మూసే ముందు ఉష్ణమాపక సూదులను, కరుగుతున్న మంచు నీటిలో ముంచి సున్నా చూపిస్తున్నాయో లేదో సరిచూసి, వేర్వేరు చోట్ల ఉన్న పండ్ల గుజ్జులోకి దింపుతారు. గాలి చల్లబడితే చాలదు, గుజ్జు చల్లబడాలి. అక్కడి నుంచి రోజుల లెక్క మొదలవుతుంది. దారిలో ఒక్క సూది నిర్ణీత ఉష్ణోగ్రత దాటినట్టు నమోదైతే ఆ చికిత్స చెల్లదు. ఒకసారి నేను చూసిన ఒక సరుకులో పండు నిగనిగలాడుతూ చేరింది, సూది చిట్టాలో కొన్ని గంటలు గాడి తప్పాయి. కొనుగోలుదారు చూసింది ఆ చిట్టానే.

రసం లెక్క

పైన చెప్పినదంతా సరైనదే గానీ, రేవు పత్రాలు గారు తాజా పండునే పండుగా చూస్తున్నారు. బ్రెజిల్‌ను ఇంత సులువుగా దాటవేస్తే పోలిక కుంటుపడుతుంది.

బ్రెజిల్ తన నారింజను పండుగా కాక రసంగా అమ్ముతుంది. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే నారింజ రసంలో దాదాపు నాలుగింట మూడు వంతులు దానిదే. సావో పౌలో రాష్ట్రం, దాన్ని ఆనుకుని ఉన్న మినాస్ జెరాయిస్ పశ్చిమ కొస కలిసి బ్రెజిల్ నారింజ పట్టీ. 1962 డిసెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాను కాటేసిన మంచు అక్కడి తోటలను మాడ్చివేసినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి లేచిన కర్మాగారాలతోనే బ్రెజిల్ రసం పరిశ్రమ నిలదొక్కుకుంది. ఇప్పుడు శాంటోస్ రేవులో రసం పెట్టెల్లో ఎక్కదు. నూనె ఓడల మాదిరిగా ట్యాంకులున్న ప్రత్యేక ఓడల్లోకి గొట్టాల ద్వారా ఎక్కి, బెల్జియంలోని ఘెంట్‌లోనో రోటర్‌డామ్‌లోనో గొట్టాల ద్వారానే దిగుతుంది.

లెక్కకు వస్తాను. 66 బ్రిక్స్ గాఢత (బ్రిక్స్ అంటే రసంలో కరిగి ఉన్న చక్కెర పాలు కొలిచే కొలత) ఉన్న ఒక టన్ను రసం తీయడానికి పది టన్నులకు పైగా నారింజ కావాలి. బ్రెజిల్ సాధారణ సంవత్సరంలో ఆ గాఢతకు సరిపెట్టి చూస్తే సుమారు పది లక్షల టన్నుల రసం పంపుతుంది. అంటే కోటి టన్నుల పండు! స్పెయిన్, దక్షిణాఫ్రికా పంపే తాజా పండు రెండూ కలిపినా అంత కాదు. మీరు రసం పట్టిక తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గాఢపరచని రసం కూడా ఇప్పుడు పెద్దమొత్తంలో వెళుతోంది. అందులో నీరు ఉంటుంది కనుక అదే పండుకు బరువు అయిదారు రెట్లు తూగుతుంది. రెండింటినీ టన్నుల్లో కలిపేస్తే పట్టిక చిత్తడి అవుతుంది.

ఈ రంగంలో అసలు కథ గ్రీనింగ్ తెగులుది. సిల్లా పురుగు మోసుకుతిరిగే ఈ తెగులు బ్రెజిల్‌లో 2004లో, ఫ్లోరిడాలో 2005లో బయటపడింది. దీనికి మందు లేదు, చెట్టును పీకేయడమే. ఫ్లోరిడా 2003–04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించింది. పెట్టె అంటే 40.8 కిలోలు. 2024–25కి అది కోటీ ఇరవై లక్షల పెట్టెల దగ్గరకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో ఇరవయ్యో వంతు! ఒకప్పుడు బ్రెజిల్‌కు పోటీగా నిలిచిన ప్రాంతం ఇవాళ బ్రెజిల్ రసం కొనుక్కుంటోంది. బ్రెజిల్ కూడా సుఖంగా లేదు. 2024–25లో ఆ నారింజ పట్టీ పంట 23 కోట్ల పెట్టెలకు తగ్గింది, ముప్ఫై ఏళ్లకు పైగా అంత తక్కువ పంట లేదు. 2024 డిసెంబరులో న్యూయార్క్ వాయిదా వ్యాపారంలో గాఢ రసం ధర పౌనుకు 5 డాలర్లు దాటింది. కనుక ఒక్క సంవత్సరపు విలువను చూసి ర్యాంకులు వేయకండి. పంట తగ్గిన సంవత్సరంలో ధర పెరిగి, ఎగుమతి విలువ పెరిగినట్టు కనబడుతుంది. కనీసం అయిదేళ్ల సగటు తీసుకోండి.

రేవు పత్రాలు

రసం లెక్క గారి వివరాలతో విభేదం లేదు గానీ ఒక్క విషయంలో ఒప్పుకోలేను. రసాన్ని తిరిగి పండుగా మార్చి స్పెయిన్ పక్కన నిలబెట్టడం, పెరుగును పాలుగా లెక్కవేసి పాలవాడితో పోటీ పెట్టినట్టుంటుంది. కొనేవాడు వేరు, సుంకం వేరు, పండుకు కావలసిన గుణం వేరు. రసానికి వెళ్లే కాయ తొక్క మీద మచ్చ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. తాజా పండుకు తొక్కే ప్రాణం. రెండు పట్టికలు విడిగా వేసి, కింద ఒక వాక్యంలో ఈ పండు లెక్క చెప్పడం మేలు.

చీనీ తోట

అమ్మాయీ, మీ చివరి ప్రశ్నకు నేను చెబుతాను. మాది అనంతపురం జిల్లా. మీరు బత్తాయి అంటారు, మా వైపు చీనీ అంటాం. పదకొండు ఎకరాల్లో సాత్‌గుడి రకం వేసి పద్దెనిమిదేళ్లయింది.

మన దేశం ఎగుమతి చేయలేకపోవడం అనే మాట కంటే, ఎగుమతి కోసం పండించకపోవడం అనే మాట సరైనది. చైనాదీ ఇదే సంగతి. వాళ్ల పంట 2022లో ఆరు కోట్ల టన్నులు దాటింది, అయినా బయటికి వెళ్లేది నూటికి రెండు పాళ్ల చుట్టుపక్కలే. నూట నలభై కోట్ల మంది ఇంట్లోనే కొనేవారుంటే రేవు దాకా వెళ్లే అవసరం ఎవరికి? మా కాయ ఢిల్లీకి, కోల్‌కతాకు, చెన్నైకి లారీల్లో వెళుతుంది. ఎండాకాలంలో అక్కడి రసం బండ్లకు ఎంత కాయ వెళ్లినా చాలదు.

ఇక కాయ సంగతి. మా చీనీ పక్వానికి వచ్చినా తొక్క పూర్తిగా పసుపు తిరగదు, పచ్చగానే ఉంటుంది. నారింజ తొక్కకు రంగు రావాలంటే రాత్రులు బాగా చల్లబడాలి. స్పెయిన్‌లో, కేప్ ప్రాంతంలో ఆ చలి ఉంది, మాకు లేదు. లోపల తీపి ఉన్నా పరదేశపు అంగడిలో పచ్చ కాయను కచ్చా కాయ అనుకుంటారు. రెండోది గింజ. సాత్‌గుడి కాయ కోస్తే పది పన్నెండు గింజలకు తక్కువ ఉండవు. పిండి రసం తాగేవాడికి గింజతో పనిలేదు, ఒలిచి తినేవాడికి అదే పెద్ద అడ్డు. అక్కడ అమ్ముడుపోయే క్లెమెంటైన్లు, నేవల్ నారింజలు గింజ లేనివి. మూడోది మంగు. నల్లి తాకిన కాయ తొక్క ఇటుక రంగుకు మారి గరుకుగా ఉంటుంది. రసం ఏమాత్రం చెడదు, ధర మాత్రం సగానికి పడిపోతుంది. ఊరి వ్యాపారే మంగు కాయను పక్కన పెడితే ఐరోపా వాడు ముట్టుకుంటాడా?

కిందటి ఏడు జరిగింది చెబుతాను. తోటను గుత్తకు ఇవ్వకుండా నేనే కోయించి అమ్ముకుందామనుకున్నాను. వ్యాపారి టన్నుకు ధర కట్టాడు. తూకం దగ్గర మాత్రం టన్నుకు వంద కిలోలు సూటు కింద అదనంగా తీసుకున్నాడు. అంటే పదకొండు వందల కిలోలు ఇస్తే వెయ్యికి డబ్బు. నాలుగు లోళ్లకు నాకు ఎంత పోయిందో మీరే లెక్క వేయండి. తూకం ఇలా ఉండే చోట ఏ తోట కాయ ఏ పెట్టెలో ఉందో రాసిపెట్టుకోవడం ఎలా? పైన ఆయన చెప్పిన సూదులు, చిట్టాలు అన్నీ తోట దగ్గర పెట్టే సంఖ్యతో మొదలవుతాయి.

అయినా మనం అసలు ఎగుమతి చేయడం లేదని రాయకండి. నాగపూర్ సంత్రా, అంటే మన కమలా, బంగ్లాదేశ్‌కు లారీల్లో పెద్ద ఎత్తున వెళ్లేది. 2019లో కిలోకు 20 టాకాలున్న అక్కడి దిగుమతి సుంకం 2023కు 88 టాకాలు అయింది. దాంతో అమరావతి జిల్లా వరూడ్ వైపు రైతులు కాయ అమ్ముడుపోక అల్లాడారు. ఇది మన ఊరి అమరావతి కాదు, విదర్భలోది. ఒకే కొనుగోలుదారును నమ్ముకుంటే ఎలా ఉంటుందో మీ నివేదికలో ఒక పేజీ దీనికే ఇవ్వవచ్చు.

వాణిజ్య విద్యార్థిని

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మూడు వారాల తలనొప్పి ఒక పూటలో తీరింది. చీనీ తోట గారూ, మీ సూటు లెక్కను పేరు లేకుండా నా నివేదికలో ఉదాహరణగా వాడుకోవచ్చునా?

ఇప్పుడు తాజా పండుకు ఒకటి, రసానికి ఒకటి, అయిదేళ్ల సగటుతో రెండు పట్టికలు వేస్తున్నాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఈజిప్టు ఇంత వేగంగా ఎదగడానికి కారణం కరెన్సీ విలువ పడిపోవడమే అని ఒక వ్యాసంలో చదివాను, అది చాలా? నిమ్మకాయల వరుసలో మెక్సికో, స్పెయిన్, టర్కీ, అర్జెంటీనా పక్కపక్కనే ఉన్నాయి, వీటిని ఒకే వరుసలో పోల్చవచ్చా?

చీనీ తోట

నిరభ్యంతరంగా వాడుకో తల్లీ. ఊరి పేరు రాయకు, మళ్లీ కాయ అమ్ముకోవలసింది అక్కడే.

రేవు పత్రాలు

ఈజిప్టు పౌను విలువ 2016 నవంబరులో ఒకసారి, 2022లో మళ్లీ, 2024 మార్చిలో మరోసారి బాగా పడింది. డాలర్లలో కొనేవాడికి ఆ పండు చవక అయింది, నిజమే. అయితే కరెన్సీ పడిపోయిన దేశాలు ఎన్నో ఉన్నాయి, అవన్నీ నారింజ అమ్మడం లేదు. నైలు డెల్టా పక్కన ఎడారిని సాగులోకి తెచ్చి నాటిన కొత్త తోటలు ఆ ఏళ్లకే కాపుకొచ్చాయి. అక్కడ ఎక్కువగా వేసేది ఆలస్యంగా కోసే వాలెన్సియా రకం, చెట్టు మీదే నెలల తరబడి నిలుస్తుంది కనుక ధర చూసుకుని కోయవచ్చు. పేరు స్పెయిన్ నగరానిదైనా ఆ రకం అమెరికాలోని కాలిఫోర్నియా తోటల్లో ప్రచారంలోకి వచ్చింది, అది వేరే సంగతి. ఈజిప్టుకు కలిసివచ్చిన మరొకటి దాని స్థానం. ఇటు మధ్యధరా, అటు ఎర్ర సముద్రం రెండూ దాని వాకిట్లోవే. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఆసియా వైపు వాకిలి ఇరుకైంది. మనవైపు వచ్చే సరుకు కొంత ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. అప్పుడు ఆ కారుచవక పండు రవాణా ఖర్చుతో చవక కాకుండా పోయింది. కాబట్టి మీ పేరాలో కరెన్సీ ఒక కారణం మాత్రమే.

రసం లెక్క

రెండో సందేహానికి జవాబు, పోల్చకూడదు. కస్టమ్స్ వర్గీకరణలో 0805.50 అనే సంఖ్య కింద రెండు వేర్వేరు కాయలను ఒకచోట పడేశారు. స్పెయిన్, టర్కీ, అర్జెంటీనా పంపేది మనం గజనిమ్మ అనే పసుపు కాయ. మెక్సికో అమెరికాకు పంపేది ఎక్కువగా గింజలేని పెద్ద ఆకుపచ్చ నిమ్మ. గూడూరు సంతలో మనం చూసే పలుచటి తొక్క పుల్ల నిమ్మ ఇంకొకటి. అర్జెంటీనా విషయంలో మరొకటి గమనించండి. అక్కడి టుకుమాన్ రాష్ట్రపు గజనిమ్మలో అధిక భాగం కర్మాగారానికే వెళ్లి తొక్క నూనెగా, రసంగా, పెక్టిన్ (జామ్ గట్టిపడడానికి వేసే పదార్థం) కోసం ఎండబెట్టిన తొక్కగా బయటికి వస్తుంది, తాజా కాయ పట్టికలో కనబడేది కొంతే. ఆ వరుసకు "నిమ్మ, గజనిమ్మ కలిపి" అని పేరు పెట్టి, మెక్సికోను విడిగా చూపండి.

ఇంకొక మాట. దక్షిణార్ధగోళపు దేశాల లెక్కలో 2023–24 అని ఉంటే అమెరికా పట్టికల్లో అది 2024లో కోసిన పంట. స్పెయిన్‌కు అదే అంకె 2023 శరత్తులో మొదలైన పంట. రెండింటినీ ఒకే నిలువు వరుసలో పెట్టేముందు తేదీలు సరిచూసుకోండి.